సూర్యుడిగారి బంట్రోతు

పేరంటాలు పని కూర్చోవడం.

తోటలంక తాండ్ర కార్ఖానాలో ఆడవాళ్లందరికీ తలో పని ఉంది. కొందరు మామిడిపళ్లు పిసికి రసం తీస్తారు. కొందరు వడకట్టి బెల్లం కలుపుతారు. కొందరు ఆ రసాన్ని తాటాకు చాపల మీద పల్చటి పొరగా పరుస్తారు. పొర ఆరాక దాని మీద ఇంకో పొర, అదీ ఆరాక మరొకటి. పరిచిన పొర ఆరేదాకా ఎవరికీ చెయ్యడానికేమీ ఉండదు. ఆ ఏమీ లేని పనంతా పేరంటాలు చేసేది. ఎండలో బారులు తీరిన చాపల పక్కన, చింతచెట్టు నీడలో పీట వేసుకుని, ఒళ్లో వెదురుబద్ద పెట్టుకుని కూర్చునేది. కాకి వాలబోతే బద్ద ఎత్తేది. దూడ వస్తే అదిలించేది. అప్పుడప్పుడు లేచి వేలి వెనకవైపుతో పొరను తాకి, "ఆరిందర్రా, పోసుకోండి!" అని కేకేసేది. పడమట మబ్బుతునక కనబడితే మాత్రం ఆ కేక మారిపోయేది. అప్పుడు పిసికేవాళ్లు పిసికేది వదిలి, కలిపేవాళ్లు కలిపేది వదిలి చాపల దగ్గరికి పరిగెత్తేవారు.

తాండ్ర వేసవి పంట లాంటిది. తొలకరి పడగానే కార్ఖానా తలుపులు మూస్తారు. దాంతోపాటు పేరంటాలు ఇంట్లో పొయ్యి కూడా సగం మూతపడుతుంది. కార్ఖానాలో ఏడాది పొడుగునా జీతమొచ్చే పర్మినెంటు ఉద్యోగం ఒకటంటే ఒకటి ఖాళీగా ఉంది. మేనేజరు తాతబ్బాయిగారు ఏటా, "ఈ ఏడు నీకే పేరంటాలూ" అనేవారు. ఏటా ఏదో ఒక అడ్డం వచ్చేది.

ఈ ఏడు అడ్డం జీపులో వచ్చింది.

ఆయన పేరు విశ్వమూర్తిగారు, హెడ్డాఫీసు పంపిన మనిషి. హోదా ఉత్పాదకతా దక్షతాధికారి. పని కొలవడం ఆయన పని. మెడలో గొలుసుకి ఒక గడియారం వేలాడుతూ ఉండేది. నొక్కితే పరిగెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఆ కార్ఖానాలో నొక్కగానే పరిగెత్తేది అంతవరకూ తాతబ్బాయిగారొక్కరే.

విశ్వమూర్తిగారు జీపు దిగి తిన్నగా చింతచెట్టు దగ్గరికి వచ్చారు.

"ఈవిడ ఏం చేస్తున్నారు?"

"కూర్చుందండి," అన్నారు తాతబ్బాయిగారు.

"కూర్చుని?"

"చూస్తుందండి. తాండ్ర ఆరడం."

"ఈవిడ చూడకపోతే ఆరదా?"

తాతబ్బాయిగారు అబద్ధమాడే మనిషి కాదు. "ఆరుతుందండి," అన్నారు నీరసంగా.

విశ్వమూర్తిగారు గడియారం నొక్కి పేరంటాలు ముందు నిలబడ్డారు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు కుదురుగా ఉండాలని పేరంటాలుకి వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. అందుకని బొమ్మలా కూర్చుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చింది. కాకులు జీపుని చూసి జడిసిపోయి రాలేదు. దూడ కూడా రాలేదు. ఆపద వేళ ఎవరూ రారని ఊరికే అనలేదు.

గడియారం మళ్లీ నొక్కారు. "సున్నా."

"ఏంటండీ?" అంది పేరంటాలు.

"పరిశీలనా కాలమందు హస్తచలనం సున్నా. పని అనగా హస్తచలనం. హస్తము కదలనిచోట పని లేదు. పని లేనిచోట శ్రామికుడు లేడు. మేనేజరుగారూ, ఈ పీట ఖాళీగా ఉంది."

పేరంటాలు తన కిందకి ఒకసారి చూసుకుంది. పీట ఖాళీగా లేదు.

ఆయన అవతలికి వెళ్లగానే రసం కలిపే మాణిక్యం గబగబా వచ్చింది. "అక్కా, నీ కొంప మునిగింది. ఆయనకి చేతులు కావాలంట. ఊపు!"

"ఏం ఊపనే?"

"ఏదో ఒకటి. ఈగల్ని తోలు, జోల పాడు, చాపకి విసురు. పర్మినెంటు కావాలా వద్దా నీకు?"

మర్నాటి నుంచి పేరంటాలు విసనకర్ర పట్టుకుని తాండ్రకి విసరడం మొదలెట్టింది. పసిపిల్లకి విసిరినట్టు విసిరేది. మిగతా ఆడవాళ్లు కూడా అప్రమత్తమయ్యారు. పిసికేసిన టెంకని మళ్లీ పిసికేవారు. వడకట్టిన రసాన్ని ఇంకో గుడ్డలో వడకట్టి, మళ్లీ మొదటి గుడ్డలోకి పోసేవారు. మాణిక్యం ఒకరోజు ఒట్టి గంగాళంలో తెడ్డు వేసి ఒళ్లంతా చెమటలు పట్టేలా తిప్పుతూంటే విశ్వమూర్తిగారు వచ్చి తొంగిచూశారు.

"ఇందులో ఏముంది?"

"గాలండి," అంది మాణిక్యం ఆయాసపడుతూ. "ఓ పట్టాన కలవట్లేదండి."

"హస్తచలనం శ్లాఘనీయం," అని ఆయన రాసుకున్నారు.

గేటు దగ్గర ఒక పెద్ద అట్ట వేలాడదీశారు. దాని పేరు దక్షతా పటం. అందులో ఎర్రగీత రోజురోజుకీ కొబ్బరిచెట్టు ఎక్కేవాడిలా పైకి పోయింది. తాండ్ర మాత్రం తగ్గిపోయింది. అందరూ చేతులు ఊపుకోవడంలో ఉంటే రసం పరిచేవాళ్లు లేరు. పైగా పేరంటాలు విసిరిన విసురుకి దుమ్ము లేచి రెండు చాపలు పాడయ్యాయి. తాతబ్బాయిగారు ఆ సంగతి భయపడుతూ మనవి చేశారు.

"నేనూ గమనించాను," అన్నారు విశ్వమూర్తిగారు. "దక్షత పెరిగినకొద్దీ తాండ్ర తగ్గుచున్నది. అనగా తాండ్ర దక్షతకు అవరోధము కల్పించుచున్నది. ఎక్కడ కల్పించుచున్నదో కనిపెట్టాలి."

కనిపెట్టారు. అవరోధమంతా ఆరడం దగ్గరే ఉంది.

"పొర ఆరే సమయంలో పని చేస్తున్నదెవరు?"

"ఎవరూ లేరండి. సూర్యుడే కదండీ," అనేశారు తాతబ్బాయిగారు.

"ఏ సూర్యుడు? మస్టరులో ఆ పేరు లేదే?"

తాతబ్బాయిగారు వేలెత్తి పైకి చూపించారు. విశ్వమూర్తిగారు తలెత్తి చూసి, కళ్లు చికిలించి, తుమ్మారు. తరవాత చాలా గంభీరంగా మారిపోయారు.

"మస్టరులో పేరు లేని వ్యక్తిచేత ఇన్నేళ్లుగా పని చేయించుకున్నారా! ఇది ఎంత నేరమో తెలుసా? తక్షణం నమోదు చేయండి."

నమోదు కాగితం తెచ్చారు. పేరు దగ్గర ఇబ్బంది లేదు. తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది. కార్ఖానా మొత్తంలో ఆ సంగతి తెలిసినది పేరంటాలుకే. ఆమె ఏటా రథసప్తమికి పురాణం వింటుంది.

"కశ్యపుడండి. తల్లి అదితమ్మగారు."

"స్వస్థలం?"

"తూర్పండి."

"పుట్టుమచ్చలు?"

"అదెవరు చూడగలరండీ బాబూ! కళ్లు పోవూ?"

"వివాహితుడా?"

"అయ్యిందండి. ఇద్దరు. సంజ్ఞాదేవిగారూ, ఛాయాదేవిగారూనండి. రెండో ఆవిడ అదిగో, ఆ చింతచెట్టు కిందే ఉంటారండి."

విశ్వమూర్తిగారి కలం ఆగింది. "ఇద్దరు భార్యలు నిబంధనలకు విరుద్ధం. ఒక్కరినే రాయండి. చెట్టు కింద ఆవిడ గురించి మనకు తెలియదు."

తూర్పుగోడ దగ్గర ఒక వెదురుగడ పాతి, దానికి కూలీలకిచ్చే ఇత్తడి టోకెను తగిలించారు. సూర్యుడు ఆ రోజు నుంచి తోటలంక తాండ్ర కార్ఖానాలో కూలి అయ్యాడు.

కొలత మళ్లీ మొదలైంది. విశ్వమూర్తిగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గడియారం నొక్కుకుంటూ రోజంతా సూర్యుణ్ణి పరిశీలించారు. సాయంత్రానికి ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది, కానీ కళ్లలో ఆనందం ఉంది. అలాంటి పనివాణ్ణి ఆయన తన ఉద్యోగంలో చూడలేదు. టీకి వెళ్లడు. కబుర్లాడడు. అందరూ అన్నాలకి లేచే వేళకి ఆయన ఇంకా గట్టిగా పని చేస్తాడు. ఆదివారం ఆయన పేరు మీదే ఉంది, ఆ రోజు కూడా సెలవు అడగడు.

నెల తిరగ్గానే ఫలితాలు గేటు దగ్గర అతికించారు. తాండ్ర తయారీలో పదింట తొమ్మిది వంతుల పని సూర్యుడే చేస్తున్నాడని అందులో ఉంది. "కావున మిగిలిన ఒక్క వంతు పనికి ఇంతమంది స్త్రీలు అనవసరమని ఇందుమూలముగా తెలియజేయడమైనది." పిసికేవాళ్లలో కొందరినీ, పరిచేవాళ్లలో కొందరినీ ఉంచి తక్కినవాళ్లని పొమ్మన్నారు. మాణిక్యం పోయింది. అందరికంటే ముందు పేరంటాలు పోయింది. ఆ పర్మినెంటు ఉద్యోగం సూర్యుడికి ఇచ్చారు. వెదురుగడకి బంతిపూల దండ వేసి, చప్పట్లు కొట్టి, తలా ఒక తాండ్రముక్క పంచారు.

పేరంటాలు ముక్క తినకుండా తాతబ్బాయిగారి గదికి వెళ్లింది.

"అదేంటండీ మేనేజరుగారూ! ఆయనకెందుకండీ పర్మినెంటు? ఆయన ఎటూ ఉంటాడు కదండీ."

"అందుకే ఇచ్చేరు పేరంటాలూ. పర్మినెంటుగా ఉండేవాళ్లకే పర్మినెంటంట. నువ్వు ప్రతి వానాకాలం మానేస్తున్నావు."

"నేను మానేస్తున్నానా? తలుపులు మూసేది మీరు కదండీ!"

"ఆయనకి మనం తలుపు మూయలేం కదా. అదే ఆయన అర్హత."

"ఆయన కూడా రోజూ సాయంత్రం వెళ్లిపోతాడండి."

"పిలవకుండానే పొద్దున్న వస్తాడు. దాన్ని క్రమశిక్షణ అంటారంట." తాతబ్బాయిగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నన్నేం చెయ్యమంటావు చెప్పు. నాకు కూడా సున్నాయే వచ్చింది. నేనూ కూర్చునే చేస్తాను కదా ఉద్యోగం. బల్ల కింద కాళ్లు ఊపుతున్నాను, ఎందుకైనా మంచిదని."

పేరంటాలు చూసింది. నిజంగానే ఊపుతున్నారు.

ఇక వానాకాలం ఎలాగా అనుకుంటూ ఆమె ఇంటికి పోయింది. కార్ఖానా గోడకి అవతలి సందులోనే పనిపోయిన ఆడవాళ్ల ఇళ్లన్నీ. ఆ రోజు సందంతా సూర్యుణ్ణి తిట్టిపోసింది. ఏ పాపం ఎరగని ఆయన మర్నాడు ఎప్పటిలాగే వచ్చాడు.

కానీ ఆ మర్నాడు రాలేదు. పొద్దున్నించీ మబ్బు.

విశ్వమూర్తిగారికి కోపం వచ్చింది. పర్మినెంటు అవగానే ఇలాగా! "ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరైనందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను" అని మెమో రాయించి వెదురుగడకి కట్టారు. జవాబు రాలేదు. మూడోనాడు సూర్యుడు ఏమీ జరగనట్టు వచ్చి ఆ మెమోని ఎండబెట్టాడు. కాగితం వంకరపోయింది. అవిధేయత అన్నారు విశ్వమూర్తిగారు. తరవాత ఆలోచించగా తప్పు కార్ఖానాదేనని తేలింది. మెమో అందుకోవడానికీ, హాజరు వేయడానికీ, రాకపోకలు గమనించడానికీ సూర్యుడికి మనిషిని ఇవ్వలేదు. అంత ఎత్తున ఉన్న ఉద్యోగికి బంట్రోతు లేకపోవడం హోదాకి భంగం. ఆయన జీతం తీసుకోవడానికి ఎలాగూ రాలేదు. ఆ జీతం మీద ఒక పర్మినెంటు బంట్రోతుని వేయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. అర్హత, సూర్యునితో పూర్వపరిచయం.

తాతబ్బాయిగారు స్వయంగా సందులోకి వచ్చి, "పేరంటాలూ, పరిగెత్తు!" అన్నారు.

ఇంటర్వ్యూలో విశ్వమూర్తిగారు ఆమెని గుర్తుపట్టలేదు. గడియారం వైపు తప్ప మనుషుల వైపు చూసే అలవాటు ఆయనకి లేదు.

"ఆయనతో మీకు పరిచయం ఎన్నాళ్లది?"

"పుట్టిందగ్గర్నించండి."

"ధ్రువపత్రం?"

పేరంటాలు చేతులు రెండూ ముందుకి చాపింది. మోచేతుల దాకా కాలిన పెనంలా ఉన్నాయి. "ఆయన ఇచ్చిందేనండి."

ఉద్యోగం ఇచ్చారు. ఉత్తర్వు తాతబ్బాయిగారు చదివి వినిపించారు. "సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు చింతచెట్టు క్రింద పీటపై ఆసీనురాలై, ఎట్టి హస్తచలనమూ లేక, సదరు ఉద్యోగిని గమనించుచుండవలెను. తాండ్రను గాని చాపలను గాని తాకరాదు. తాకినచో పని కొలతకు భంగము వాటిల్లును. ఉద్యోగము పోవును."

పేరంటాలు వెళ్లి కూర్చుంది. అదే చెట్టు, అదే పీట. నెలన్నర కింద సున్నా అయిన కూర్చోవడమే ఇప్పుడు నూటికి నూరయ్యింది. వెదురుబద్ద మాత్రం ఇవ్వలేదు. కాకులు వాలుతూంటే చేతులు ఒళ్లో కట్టుకుని, నోటితో మాత్రం "పోవే, నీ జిమ్మడ!" అంటూ ఉండేది. నోటిని కొలవడం ఇంకా మొదలుపెట్టలేదు.

వైశాఖం చివర్లో ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. పేరంటాలు పడమటికి చూసింది. ఏనుగుల మందలాగా నల్లగా లేస్తోంది.

చాపలన్నీ బయటే ఉన్నాయి. పొర మీద పొరగా పోసిన తాండ్ర, రేపో ఎల్లుండో కోతకి రావలసింది. లోపల ఉన్న కొద్దిమందీ హస్తచలనంలో ఉన్నారు. గంట కొట్టేలోగా చెయ్యి ఆపితే సున్నా. కిటికీలో విశ్వమూర్తిగారు గడియారం పట్టుకుని నిలబడి ఆమెనే చూస్తున్నారు. పేరంటాలు పీటని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. లేస్తే ఉద్యోగం పోతుంది. రేపటి వానాకాలం కళ్లముందు కనబడింది, తడిసిన పుల్లలూ, వెలగని పొయ్యీ. సూర్యుడు మబ్బులోకి వెళ్లిపోయాడు. మొదటి చినుకు వచ్చి తాండ్ర మీద పడి, గుండ్రంగా ఒక మచ్చ వేసింది.

ఆ మచ్చ ఆమె చూడలేకపోయింది.

"మాణిక్యం!" పేరంటాలు పాత గొంతుతో కేకేసింది. "ఒసే మాణిక్యం! వానే! చాపలే!"

ఆ కేక గోడ దాటి సందంతా వినబడింది. ఆడవాళ్లు ఒక్కుమ్మడిగా చీరలు దోపుకుని పరిగెత్తుకొచ్చారు. తమకి ఉద్యోగాలు లేవన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. జీతం లేని చేతులన్నీ కలిసి చాపలు ఎత్తాయి. ఆఖరి చాప గుమ్మం దాటేసరికి ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది.

"తడిసేవా అక్కా?" అంది మాణిక్యం జుట్టు పిండుకుంటూ.

"ఉద్యోగం తడిసిందే," అంది పేరంటాలు. "తాండ్ర ఫరవాలేదు."

మర్నాడు విచారణ. ఆకాశం ఇంకా మూసుకునే ఉంది. బల్లకి అవతల విశ్వమూర్తిగారు, పక్కన కాళ్లు ఊపుతూ తాతబ్బాయిగారు.

"నిన్న మీరు పీట మీద లేరు."

"లేనండి."

"చేతులు కదిపారు. నేను చూశాను."

"కదిపేనండి."

తాతబ్బాయిగారు కాళ్లు ఊపడం ఆపేసి కళ్లు మూసుకున్నారు.

"సంజాయిషీ?"

పేరంటాలు కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "అయ్యగారు డ్యూటీలో లేరు కదండీ. మబ్బు పట్టగానే వెళ్లిపోయేరు. ఆయన లేనప్పుడు బంట్రోతుకి డ్యూటీ ఏటుంటుందండీ? ఆ కాస్సేపూ నాదేనండి. నా చేతులు నేను ఊపుకున్నాను."

విశ్వమూర్తిగారు ఉత్తర్వు తీసి చదివారు. మళ్లీ చదివారు. "సబబుగానే ఉన్నది," అన్నారు చివరికి. తాతబ్బాయిగారి కాళ్లు మళ్లీ కదిలాయి.

"అయితే మరొక ప్రశ్న. ఆ సమయమందు మస్టరులో ఉన్నవారెవరూ చాపల వద్ద లేరు. చాపలు లోపలికి ఎట్లు వచ్చినవి?"

"అదండీ, మాణిక్యం వాళ్లూ..." అన్నారు తాతబ్బాయిగారు.

"టోకెను లేనివారు కార్ఖానాలో ఉండజాలరు. ఉండజాలనివారు పని చేయజాలరు. మరి చేసినదెవరు?"

బయట చూరునుంచి నీళ్లు కారుతున్నాయి. పేరంటాలు ఆ చూరు వైపు చూసింది.

"గాలండి," అంది.

"గాలి!"

"ఆయ్. చాలా గట్టిగా వీచింది కదండీ నిన్న. పాపం, ఎన్నేళ్లనించో చేస్తన్నాడండి. మస్టరులో పేరైనా లేదు."

విశ్వమూర్తిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో మళ్లీ ఆ ఆనందం కనబడింది. "తండ్రి పేరు?"

"ఈయన కూడా కశ్యపుడిగారి తాలూకేననుకుంటానండి. ఆ ఇంట్లో చాలామందే ఉన్నారు. ఈయన్ది కూడా పెద్ద హోదాయేనండి బాబూ. పైగా కుదురు తక్కువ. బంట్రోతు లేకపోతే ఎక్కడికెళ్లేడో ఎవరికీ తెలీదు. మా మాణిక్యం ఖాళీగానే ఉందండి. దానికి గాలితో పని అలవాటు. గంగాళంలో కలిపేది, తమరే చూసేరు."

"గుర్తున్నది," అన్నారు విశ్వమూర్తిగారు రాసుకుంటూ. "శ్లాఘనీయమైన హస్తచలనం."

ఆ తరవాత తోటలంక కార్ఖానా పెరట్లో వెదురుగడలు మొక్కజొన్న చేనులా లేచాయి. గాలికొక టోకెను. నూతిలో నీళ్లకొకటి. నేలకొకటి. చెట్టు కింద ఆవిడకి కూడా, వేరే ఇంటిపేరుతో. ఒక్కొక్కరికీ ఒక్కో బంట్రోతు. సందులో ఆడవాళ్లంతా తిరిగొచ్చి ఎవరి అయ్యగారి పక్కన వాళ్లు కూర్చున్నారు. అయ్యగారు కాస్త అటు తిరగ్గానే ఎవరి సొంత సమయంలో వాళ్లు రసం పిసికి, వడకట్టి, బెల్లం కలిపి, చాపల మీద పరిచేవారు. తాండ్ర మునుపటిలాగే దిగింది. దక్షతా పటంలో మాత్రం మనుషులు చేసే పని తగ్గి తగ్గి సున్నాకి వచ్చింది. మనుషులు లేకుండా కార్ఖానా నడిపించినందుకు విశ్వమూర్తిగారికి పెద్ద పదవి వచ్చింది. జీపు ఎక్కుతూ ఆయన సూర్యుడి వైపు చూసి, మెచ్చుకోలుగా తలూపి, తుమ్మారు.

తొలకరి పడింది. కార్ఖానా తలుపులు మూశారు. పేరంటాలు మాత్రం ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టి, కూతుర్ని చూస్తూ ఉండమని, గొడుగేసుకుని వచ్చి పీట మీద కూర్చుంది. అయ్యగారు వారం నుంచీ సెలవులో ఉన్నారు. కానీ ఎప్పుడు వస్తారో తెలియదు కదా.

మధ్యాహ్నానికి మబ్బు చీలి, తడి గోడ మీద జానెడు ఎండ పడింది. పేరంటాలు గొడుగు పక్కన పెట్టింది. కొంగు సవరించుకుని లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

భక్తి కాదు. పై అధికారి వచ్చినప్పుడు లేవకపోతే మెమో ఇస్తారు.